మన వీధి ఉన్న పేజీ

చిట్టితల్లీ,

నీ పుస్తకం అందింది. అట్ట మీద నీ పేరు చూసి ఏనుగెక్కినంత సంబరపడ్డాను. రాళ్ళ గురించి, గుట్టల గురించి మన పిల్ల పుస్తకం రాసిందని మీ అమ్మకి చెవిలోనే చెప్పాను. అయినా "మెల్లగా, వీధంతా వింటోంది" అంది. వినాలనే కదా నా ఆశ.

అందుకే మన వీధి గురించిన పేజీ తీసి, గుమ్మంలో కూర్చుని అందరికీ చదివాను. ముందు నేనొకసారి చూసుకోలేదమ్మా, అదీ నా తెలివి. మన వీధి ఉన్న వాలంతా ఒకప్పుడు కొండ మీంచి జారిన మట్టేననీ, దాని మీద ఇళ్ళ బరువు పెంచితే మళ్ళీ జారుతుందనీ చదువుతుండగానే తెలిసింది.

పక్కింటి దర్జీ బాబాయి, తన కొడుకు కాపురానికని అప్పటికే మేడ మీద గది మొదలుపెట్టాడు. నేను చదివింది విని పని ఆపేశాడు. మర్నాడు వచ్చి, "అన్నయ్యా, అమ్మాయితో చెప్పి ఆ నాలుగు ముక్కలూ తీసేయించు. మన పిల్లే కదా" అన్నాడు.

"ముక్కలు తీసేస్తే మట్టి ఊరుకుంటుందా?" అన్నాను.

"మరి నా కొడుకుని ఎక్కడ పెట్టుకోమంటావు?" అన్నాడు. దానికి జవాబు నీ పుస్తకమంతా వెతికాను తల్లీ, దొరకలేదు.

నువ్వు మాత్రం ఒక్క అక్షరం మార్చకు. ఉన్నదున్నట్టు రాశావు, నా కడుపు నిండింది.

ఇవాళ పొద్దున తాపీమేస్త్రీ మళ్ళీ వచ్చాడు. గోడ లేస్తోంది. ఆపమని చెప్పడానికే వెళ్ళాను. బాబాయి నన్ను చూసి, "ఎలా ఉంది అన్నయ్యా గది?" అని నవ్వుతూ అడిగాడు.

బాగుందని చెప్పి వచ్చేశాను.

మీ నాన్న