గాజు గోడకు ఇటుకలు అడ్డం కట్టించవద్దని మనవి

జిల్లా పంచాయతీ ఆఫీసరు గారి సముఖమునకు,
పల్నాడు తాలూకా, దుర్గి రోడ్డు బజారులో రవికెల కుట్టుకొట్టు నడుపుకొను షేక్ మాబున్నీసా, రాజారత్నం పంతులుగారి చేత వ్రాయించుకున్న అర్జీ. మార్చి, 1949.

అయ్యా,

విషయం: నా కొట్టు ముందరి గాజు గోడను, దానిని నిలిపిన ఇనుప స్తంభములను ఉన్నవి ఉన్నట్లే ఉండనిచ్చుట గురించి.

1. మాది చీకటి కొట్టు. నల్లగుడ్డ మీద నల్లదారం కనపడక నా కుట్లు వంకరపోవుచుండెను. బేరములు తగ్గినవి. నా భర్త ఖలందర్ బస్సుల మెకానిక్కు. నరసరావుపేటలో ఒక ఫోటో స్టూడియో గాజు పైకప్పు విప్పుచుండగా ఆయన ఆ గాజు పలకలు కొని, గడ్డి పరిచిన బండిలో తెచ్చినారు. పాత బస్సు అడుగు చట్రపు (ఛాసీ) ఇనుమును స్తంభములుగాను, అడ్డ దూలముగాను బిగించి, ముందరి మట్టిగోడ తీసివేసి గాజు అమర్చినారు. కప్పు బరువంతయు ఇనుము మీదనే. గాజు మీద వెలుతురు తప్ప వేరే బరువు లేదు.

ఆ మొదటి పొద్దున సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కింది. నాకు ఏడుపొచ్చింది. పంతులుగారు ఈ మాట అర్జీలో వద్దంటున్నారు. నేనే రాయమన్నాను.

2. ఓవర్సీరు ప్రభాకరరావుగారు వచ్చి, ఇనుము బయటకు కనపడుచున్నందున కట్టడము అసంపూర్తి అనియు, గాజు పగిలినచో కప్పు జనం మీద కూలుననియు, వచ్చే సోమవారములోగా ఇటుకగోడ కట్టి ఇనుమును కప్పనియెడల కొట్టు మూయించెదమనియు నోటీసు ఇచ్చినారు.

"ఎముకలు బయటపెట్టుకున్న ఇల్లు ఎక్కడన్నా చూశావటయ్యా?" అన్నారు.

"కప్పెడితే తుప్పు పట్టినా తెలవదు గదండీ. బయటుంటే చూసుకుంటా, రంగేసుకుంటా" అన్నాడు మా ఆయన. ఓవర్సీరుగారు వినలేదు.

3. పోయిన శుక్రవారం ఎదురింటి బసవమ్మ పెద్దమ్మ కోడె, గాజులో తన నీడ చూసి వేరే కోడె అనుకుని కొమ్ములు విసిరింది. ఒక పలక భళ్ళున పగిలింది. నేను మిషను కింద దూరినాను. కప్పు మీదనుంచి ఒక్క పెంకు జారలేదు.

పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏందే పిల్లా, బతికే ఉన్నావా?" అంది.

"నేనూ బాగున్నా, కప్పూ బాగుంది పెద్దమ్మా! ఓవర్సీరుగార్ని పిలువు!" అని కిందనుంచే అరిచినాను. బజారంతా నవ్వింది.

కోడెకు దెబ్బ తగలలేదు. పగిలినచోట ప్రస్తుతము దుప్పటి కట్టుకొని ఉన్నాము. కొమ్ములు అందే ఎత్తు వరకు ఇనుప ఊచలు బిగించుటకు మా ఆయన ఒప్పుకున్నారు.

4. కావున తమరు పగటిపూట దయచేసి, ఇనుమును చేత్తో తట్టి చూసి, నోటీసు రద్దు చేయ ప్రార్థన. మళ్లీ చీకట్లో తడుముకోవడం నావల్ల కాదు సార్.

ఇది చిత్తగించవలెననియు, అంతకంటె ముందు వచ్చి చూడవలెననియు కోరుచున్న

తమ విధేయురాలు,
షేక్ మాబున్నీసా

తా.క. పంతులుగారు కాగితం మడుస్తుండగా ఓవర్సీరుగారు మా గాజు ముందు ఆగారు. అటూ ఇటూ చూసి, దువ్వెన తీసి పాపిడి సరిచేసుకున్నారు. మీసం కూడా దువ్వుకున్నారు. లోపల మేమున్నామని చూడలేదు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను గానీ, పంతులుగారు చానా గట్టిగా నవ్వేశారు. ఓవర్సీరుగారు సిగ్గుపడి లోపలికొచ్చి, స్తంభాన్ని రెండు గుద్దులు గుద్ది, "గట్టిగానే ఉందమ్మా. గోడ కట్టొద్దులే" అన్నారు. ఆ మాట కాగితం మీద తమరే ఇప్పించాలి. వచ్చినప్పుడు గాజు ముందు ఎంతసేపన్నా నిలబడండి, లోపలినుంచి ఎవరూ నవ్వరు. పంతులుగారి పూచీ నాది.