మోతీకి వేపాకు మందు

మా ఇంటాయనకు,

మీరు పోయాక వచ్చిన మొదటి వానలకే మన కుక్క మోతీకి గజ్జి మళ్లీ లేచింది. మీరు చేసినట్టే వేపాకు, పసుపు మెత్తగా నూరి కానుగ నూనెలో కలిపాను. ముట్టుకోనిస్తేనా! మీ చేతికి తప్ప అదెవరికి లొంగింది?

"మీ ఆయన పేరు చెప్పరాదే, ఆగుతదేమో," అంది పక్కింటి లచ్చక్క.

కాపురమంతా మీ పేరు నోట పలకని దాన్ని. అయినా, "కూసో మోతీ, రాజయ్య సేటు వస్తాండు," అన్నాను.

అది కదలకుండా కూర్చుంది. పుండ్ల మీద మందంతా పూయనిచ్చింది.

చీకటి పడింది, కరెంటు పోతే కందిలి ముట్టించాను. అదింకా గడపలోనే కూర్చుని చౌరస్తా వైపు చూస్తోంది. దుకాణం మూసి మీరు వచ్చే దారి అదే కదా. ఇక తలుపెలా వేయమంటారు?