ఒకటో నంబరు సీటు

అక్కా, నేను కాలేజీకి పోతున్నా. నువ్వు రాగానే చెప్పులు కూడా విప్పకుండా కారు దగ్గరికి పో. మధ్యాహ్నం సర్వీసు వాళ్లొచ్చి తీసుకెళ్తారు. మనం తుమ్మినా దగ్గినా కుయ్‌కుయ్‌మంటోంది కదా, ఆ పిచ్చి కుదరాలంటే దాని బుర్రలో ఉన్నదంతా చెరిపెయ్యాలట. అంటే ఒకటో బటన్ నొక్కగానే తాతయ్య పొడుగు కాళ్ల కోసం వెనక్కి జరిగే సీటు, ఆయన కోసం వంగే అద్దం, అన్నీ పోతాయి. ఫోన్లో కాళ్లావేళ్లా పడ్డా. "మా చేతుల్లో లేదు బాబూ" అన్నారు. నాన్నకి చెప్తే, "ఆయనింక నడపడు కదరా" అనేశాడు.

నడపడు, నిజమే. కానీ డాక్టరు డ్రైవింగ్ మాన్పించినప్పట్నుంచీ రోజూ ఆ సీట్లో కూర్చుని బటన్ నొక్కి, కారు తనని గుర్తుపట్టిందని ఎంత మురిసిపోతాడో నువ్వూ చూశావుగా.

అందుకని, నువ్వొచ్చేసరికి ఆయన కునుకు తీస్తుంటాడు, అప్పుడే ఒకటో బటన్ నొక్కి, సీటుకీ బ్రేకుకీ మధ్య టేపుతో కొలువు. అద్దం ఫోటో తియ్యి. కారొచ్చాక మళ్లీ అలాగే పెట్టేద్దాం. ఆయనకి తెలియనివ్వకు.

పొద్దున నేనే కొలుద్దామని వెళ్తే అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. దిగమంటే, "నడిపేవాణ్ణి దింపుతావా? వెనకెక్కు" అన్నాడు. ఏం చెయ్యను, ఎక్కా. గేటు దాటకుండానే ప్రపంచమంతా తిరిగొచ్చాం. అందుకే కాలేజీకి ఆలస్యం.

మర్చిపోయా, కదలని కార్లో బెల్టు పెట్టుకోలేదని తిట్టాడు కూడా. పెట్టుకున్నా.