చివరి వంతు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన నాలుగిళ్ల ఉమ్మడి బావికి ఎద్దులతో నీళ్లు తోడే కపిల తీసేసి కరెంటు మోటారు పెట్టాం. నీళ్ల వంతులు చెప్పే పని నాకప్పగించారు. నీలాగే మన చేనుకి చివరి వంతు పెట్టుకున్నాను. ఎద్దులతోనైతే పొద్దుపోయినా తోడేవాళ్లం. ఇప్పుడు మన వంతు రాకముందే కరెంటు పోతోంది. మిరప ఎండిపోయింది.

నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. పక్కచేను రామసామి మామ, "సొంత చేనే కాపాడుకోలేనోడు మాకేమి దారి చెప్తాడప్పా? మీ నాయన ఉండింటే వంతులే మార్చింటాడు" అన్నాడు.

నిజంగా మార్చేవాడివా? నాకు తెలియడం లేదు.

ఈ పొద్దున వంతుల దగ్గర తగాదా వచ్చింది. అందరూ బావి గట్టున నువ్వు కూర్చునే రాయి వైపు చూశారు. నేనూ అటే చూశాను.