తడి మీద పూత

14-7-1986
మూడు రోజులుగా ముసురు. ఎల్బీనగర్‌లో మా షెడ్డు గోడలకు కూడా చెమ్మ. సంపులో నీళ్ల మట్టాన్ని బట్టి మోటారును ఆపే కంట్రోలర్లు చేస్తాం. బోర్డుకు తడి తగలకుండా వార్నిష్ పూత వేయడం, టెస్ట్ చేసి ఓకే ముద్ర కొట్టడం నా పని. పూతకు ముందు బోర్డును ఓవెన్‌లో ఆరబెట్టాలి. ఓవెన్ కాలిపోయింది. తడి మీద పూత వేస్తే తడి లోపలే ఉండిపోతుందని ఓనర్ జోగారావుగారికి చెప్పాను. "పర్లేదమ్మా సూర్యప్రభా, పైకి మెరుస్తోంది కదా, పంపించేద్దాం" అన్నారు.
అలా పూత వేసిన పన్నెండు బోర్డులూ టెస్ట్‌లో పాసయ్యాయి. ముద్ర కొట్టాను.

2-8-1986
కంప్లయింట్లు లేవు. నేనే అనవసరంగా భయపడ్డానేమో.

9-8-1986, మధ్యాహ్నం
చైతన్యపురిలో ఒక ఇంటి వాచ్‌మన్ మట్టయ్య భార్య సైదమ్మ చనిపోయింది. బట్టలుతకడానికి సంపులో ఇనుప బకెట్ ముంచిందట. షాక్.
జోగారావుగారితో వెళ్లాను. మా బోర్డు విప్పి చూశాను. పూత కింద పొక్కులు, పచ్చటి తుప్పు. ఆ తడిలోంచే మెయిన్ కరెంటు, మట్టం తెలుసుకోవడానికి సంపులోకి దిగే వైర్లలోకి, వాటి నుంచి నీళ్లలోకి పాకింది.
ఇంటి వైరింగే తప్పని జోగారావుగారు అందరికీ చెబుతున్నారు. మట్టయ్య నన్నడిగాడు, "దాని చేతులు తడిగున్నయమ్మా, గందుకేనా?" అని.
అవునన్నాను.

10-8-1986
పొద్దున్నే దవాఖానకు వెళ్లాను. శవం ఇంకా ఇవ్వలేదు. మట్టయ్య మెట్ల మీద ఉన్నాడు. చెప్పేశాను. సైదమ్మ తప్పేం లేదని, లోపల తడి ఉందని తెలిసే ముద్ర కొట్టానని. కొడతాడనుకున్నాను. అతను ఒకటే అడిగాడు.
"గసుంటియి ఇంకెన్ని ఇండ్లల్ల పెట్టిన్రు?"
పదకొండు అన్నాను.
"మరి గీడెందుకున్నవ్? పో."

11-8-1986
పోలీస్ స్టేషన్‌లో అంతా రాసిచ్చాను. ఉద్యోగం పోయింది. అంతకంటే ముందే డెలివరీ బుక్‌లోంచి అడ్రసులు రాసుకున్నాను.

12-8-1986
దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగు, గడ్డిఅన్నారంలో రెండు విప్పేశాను. ఒకావిడ గేటుకు అడ్డం నిలబడింది. "మంచిగ నడుస్తుంది గద, ఎందుకు తీస్తవ్?" అంది. సైదమ్మ సంగతి చెప్పాను. ఆవిడే పరిగెత్తి మెయిన్ ఆఫ్ చేసింది. ఆ సంపు పక్కనే ఇద్దరు పిల్లలు కాళ్లు కడుక్కుంటున్నారు.

15-8-1986
పది.

18-8-1986
పదకొండోదానికి బుక్‌లో ఉన్నది ఇంతే: "కర్మన్‌ఘాట్ దాటాక, కొత్త ఇల్లు."
మూడు రోజులుగా తిరుగుతున్నాను. అక్కడ అన్నీ కొత్త ఇళ్లే.