అరవై మూడు మాటలు

అన్నయ్యకు చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మీ బావగారికి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, దాని గురించి చెప్పడం మాత్రం తగ్గలేదు. నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం నిండా నా తప్పులే ఉండటంతో మీ క్షేమ సమాచారాలకు చోటు చాలినట్టు లేదు.

నీ ఉత్తరాన్ని నిన్న ఫ్యాక్టరీలో, భోజనాల గంట కొట్టాక చదివాను. "ఆదివారం ఫైనల్‌కి వెళ్ళకు, పేరు వెనక్కి తీసుకో. వెళ్ళావంటే నీకూ నాకూ మాటల్లేవు" అని రాశావు. ఇంగ్లీషు చెప్పే హెడ్మాస్టరు చెల్లెలు లైబ్రరీలో అందరి ముందూ నవ్వులపాలైందని బాధపడ్డావు. నవ్వింది ఎవరో, ఎందుకు నవ్వారో నీ స్నేహితుడు లైబ్రేరియన్ గారు పూర్తిగా రాసినట్టు లేదు. నేను రాస్తాను.

లైబ్రరీలో పెట్టిన ఆ మాటల పోటీలో పెద్ద మతలబేమీ లేదు. బోర్డు మీద ఏడు ఇంగ్లీషు అక్షరాలు రాస్తారు. గంటలో ఆ అక్షరాలతో ఎవరు ఎక్కువ మాటలు రాస్తే వాళ్ళు గెలిచినట్టు. పోయిన వారం ఇచ్చినవి ఎ, ఇ, ఎల్, ఎన్, ఆర్, ఎస్, టి. ఇరవై ఆరు మందిమి కూర్చున్నాం. నేను అరవై మూడు రాశాను. నా తర్వాత కాలేజీ లెక్చరర్ గారు, ఆయనవి నలభై ఎనిమిది. దిద్దడానికి కాగితాలు పక్కవాళ్ళకి మార్చారు. ఆయన కాగితం నా చేతికొచ్చింది. అందులో 'ల్యాంటర్న్' ఉంది. దానికి ఎన్ రెండు కావాలి, బోర్డు మీద ఒక్కటే ఉంది. కొట్టేశాను. ఆయన పాపం నవ్వి ఊరుకున్నాడు, నీ స్నేహితుడికే ఒళ్ళు మండింది.

నా కాగితం పైకెత్తి, "ఆంట్లర్స్ అంటే ఏమిటమ్మా?" అన్నాడు.

"తెలియదండీ" అన్నాను.

"స్టెర్నల్?"

"అదీ తెలియదు. డిక్షనరీలో ఉన్నాయి, చూసుకోండి."

అప్పుడే మిగతావాళ్ళు నవ్వారు. "అర్థం తెలియని మాట రాస్తే అది నీ మాటెలా అవుతుంది?" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నేను కుట్టే కోటు ఎవరు తొడుక్కుంటారో కూడా నాకు తెలియదండీ. కుట్టు సరిగ్గా ఉందా లేదా అనే చూస్తారు గానీ, వాళ్ళ పేరు చెప్పమని ఎవరూ అడగరు. గోడకి అతికించిన నిబంధనల్లో అర్థం చెప్పాలని ఉంటే చదివి వినిపించండి, ఇప్పుడే లేచిపోతాను" అన్నాను. ఆయన గోడ దాకా వెళ్ళి చదువుకున్నాడు. అలాంటి నిబంధన లేదు. లెక్చరర్ గారే "ఆవిడ చెప్పింది న్యాయమే కదండీ" అన్నాడు. నీకు ఉత్తరం రాసే పని అక్కడ పడింది లైబ్రేరియన్ గారికి.

ఇవన్నీ నాకెలా వచ్చాయని అడిగావు. కొంత ఫ్యాక్టరీలోనే. కాలర్ లోపల కుట్టే లేబుళ్ళు వేలకి వేలు వస్తాయి. నమూనా కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి కుట్టడమే ఇరవై రెండేళ్ళుగా నా పని. ఒక్క అక్షరం తప్పినా పెట్టెంతా వెనక్కి పంపాలి. చదవడానికి తీరిక ఉండదు, చూడటమే. చూసి చూసి మాటలు నాకు చొక్కా ముక్కల్లాగా కనిపిస్తాయి. ఏ ముక్కకి ఏ చెయ్యి అతుకుతుందో తెలిసిపోతుంది. 'లేటర్' కనపడగానే అదే అక్షరాలతో 'ఆల్టర్', 'అలర్ట్' కూడా వచ్చి కూర్చుంటాయి.

అర్థాలు తెలుసా అంటావు. సగానికి పైగా తెలియవు. ఇందులో దాపరికం లేదు. నా దగ్గరున్న డిక్షనరీలో అర్థాలు కూడా ఇంగ్లీషులోనే ఉంటాయి. ఒక మాట వెతికితే తెలియని మాటలు ఇంకో నాలుగు తగిలేవి. చివరికి అర్థాలు వదిలేసి మాటలే పట్టుకున్నాను. ముప్ఫై మూడేళ్ళ నుంచి రోజూ పొద్దున పనికి వెళ్ళే ముందు ఒక పేజీ చదువుతున్నాను. ఇంతకాలానికి కొన్ని అర్థాలు కూడా వాటంతటవే తెలిశాయి.

ఏ డిక్షనరీ అని అడుగుతావు. ఇక్కడి దాకా రాసి కలం పక్కన పెట్టి, ఇల్లంతా ఊడ్చి వచ్చాను. చెప్పకుండా దాటెయ్యాలని చూశాను, చేతకాలేదు.

అది నీదే అన్నయ్యా. పదో తరగతిలో నీకు బహుమతిగా వచ్చిందే, నీలం అట్ట. నాన్న చిత్తుకాగితాల వాడికి అమ్మలేదు. నేను దాచాను. అప్పటికి నా చదువు ఆరో తరగతిలో ఆపించి ఏడాదైంది. అమ్మ పోయాక ఇంట్లో మనిషి కావాలన్నారు. నువ్వు పై చదువుకి వెళ్ళిపోతే ఆ పుస్తకం కూడా వెళ్ళిపోతుందని భయమేసింది. గుడ్డ పీలికల పెట్టె అడుగున పెట్టాను. నువ్వు ఇల్లంతా తిరగేస్తుంటే నాన్న టీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆ పెట్టె మీదే కూర్చున్నాడు. "నేనే అమ్మేశాన్రా, వెతక్కు" అన్నాడు. నువ్వు ఆయన్ని ఏమేం అన్నావో నేను రాయను.

నువ్వు వెళ్ళాక ఏడుస్తూ, "అన్నయ్యకి నిజం చెప్పేస్తాను నాన్నా" అన్నాను. "వాడికి ఇంకోటి దొరుకుతుందమ్మా. నీకెవరిస్తారు?" అన్నాడు. ఆయనకి వేలిముద్రే గానీ సంతకం రాదు. ఆయన పోయేదాకా ఆరేళ్ళు నువ్వు ఆయనతో మాట్లాడలేదు. ఆఖరికి ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన నిలబడి కూడా డాక్టరుతోనే మాట్లాడావు. అప్పుడు నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. చెబుదామని నోటి దాకా వచ్చింది, చెప్పలేదు. ఆ పాపం నాది. దాన్ని తలుచుకోని రోజు లేదు.

దాచినందుకూ, నోరు మూసుకున్నందుకూ నీ కాళ్ళు పట్టుకుంటాను. చదివినందుకు మాత్రం ఎవరి కాళ్ళూ పట్టుకోను. పుస్తకం కావాలంటే పంపిస్తాను, అట్ట ఊడితే కోటు గుడ్డతో కుట్టాను. అందులో ఉన్నది ఎలాగూ నా దగ్గరే ఉంటుంది.

ఆదివారం వెళ్తున్నాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి పోటీ అయిపోయి ఉంటుంది. గెలుస్తానో లేదో తెలియదు. లేచి రమ్మంటే మాత్రం రాను. నువ్వు మాటలు మానేస్తానన్నావు, మానెయ్ అన్నయ్యా. ఈసారైనా నీ కోపం పడాల్సిన మనిషి మీదే పడుతుంది.

ఇట్లు,
పేరు వెనక్కి తీసుకోని
నీ చెల్లెలు