చప్పగా ఉందండీ

అక్కా,

ఫోన్‌లో చెబుదామంటే ఈయన పక్కనే ఉంటారు. అందుకే ఆయన స్నానానికి వెళ్లగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మా ఫొటోలు చూసి అందరూ మురిసిపోతున్నారట. జ్వరం తగ్గాక మీ మరిదికి నాలుకకు రుచి తెలియడం లేదని ఎవరికీ చెప్పలేదు. గాలి మారితే తిరిగొస్తుందేమోనని ఈ పరాయి దేశం వచ్చాం. కోటలూ వంతెనలూ చూస్తూ, వీధి వీధినా ఏదో ఒకటి కొని, మొదటి ముక్క నాకే పెట్టి, "ఎలా ఉందే?" అంటారు.

"చప్పగా ఉందండీ" అంటాను. దణ్ణం పెట్టుకుని తినే తిండి ముందు రోజూ అబద్ధమే. ఎదురుగా ఆయన ఉన్నా ఒక్కదాన్నే తింటున్నట్టుంటుంది.

నిన్న తేనె రొట్టె తిని కూడా అదే మాట అన్నాను. ఆయన నవ్వారు.

"ఊరు ఊరంతా చప్పగానే వండుతుందటే? అబద్ధం నీకు పెళ్లినాడూ రాదు, ఇప్పుడూ రాదు. నిజం చెప్పు, వింటూ తింటాను."

చెప్పాను. ముందు తీపి, అంచున మాడిన చిరుచేదు, చివర్లో కాస్త ఉప్పదనం. ఆయన కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలారు.

"అవునే, భలే ఉంది" అన్నారు.

అబద్ధమాడటం ఆయనకు నాకంటే బాగా వచ్చు అక్కా.

ఈ కాగితాలు నీ పెట్టెలో అడుగున దాచు. మేమొచ్చాక కూడా ఆయన కంట పడనీయకు.

నీ చెల్లి